పాత పంపు స్టవ్వులో ఏ నూనె పోయాలి?

చేలో అగ్ని అస్త్రం కాచుకోవడానికి నేను మా నాన్నగారి పాత ఇత్తడి పంపు స్టవ్వే వాడుతున్నాను. పోయినసారి మధ్యలో కిరసనాయిలు అయిపోయింది. ఇంజను కోసం ఉంచిన డీజిల్ పోశాను. ఒకటే పొగ, మసి! నిపిల్ పూడిపోయింది. పిన్నుతో ఎంత పొడిచినా రాక, చివరికి బర్నర్ విప్పాల్సి వచ్చింది.

"అన్నా, బండ్లో పెట్రోలుంది, పోద్దామా?" అన్నాడు మా తమ్ముడు. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. కిరసనాయిలు ఆవిరి అంటుకోవాలంటే నూనె సుమారు 38 డిగ్రీలైనా వేడెక్కాలి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. పంపు కొట్టిన ట్యాంకులో అది ఉంటే స్టవ్వు కాదు, బాంబే.

కిరసనాయిలు స్టవ్వుకు కిరసనాయిలే. పలుచటి బట్టలో వడకట్టి పోయండి, అడుగున నీళ్లు, మడ్డి ఉంటే వదిలేయండి. ముందు గిన్నెలో కాస్త స్పిరిట్ వెలిగించి బర్నర్ బాగా కాలాకే పంపు కొట్టండి. వేడి స్టవ్వులో మళ్లీ నూనె పోయొద్దు. మన ఎండలు 38 దాటతాయి కాబట్టి డబ్బా నీడలోనే ఉంచండి.

బర్నర్ విప్పి శుభ్రం చేసే పద్ధతి వీడియోలో చూపించాను, చూడండి.