చలికాలమునందు కారు రంగును కడిగి సీలెంటునకు సిద్ధపరచుట

ఇటీవల మన సంఘ సభ్యులలో పలువురు ట్రాక్టరుతో పాటు కారును గూడ నుంచుకొనుచున్నారు. అందు చాల భాగము అప్పుపై కొన్నవే. వాయిదాలు తీరుటకు ఏండ్లు పట్టును. ఈలోపుగా రంగు వెలిసి రేకు తుప్పు పట్టినచో బండి ధర పడిపోవునే గాని అప్పు తగ్గదు. కావున రంగుపై సీలెంటు అను రక్షకపు పూత వేయుట లాభకరమే. అయితే పండుగకు ముందు, అనగా చలియు మంచును మెండుగా నుండు దినములలోనే, చాలమంది ఈ పనికి పూనుకొందురు. నెల తిరుగక మునుపే పూత పోయినదని దుకాణదారుని నిందించువారును కలరు. దోషము తరచుగా సీలెంటునందు గాక, దాని క్రింద మిగిలిపోయిన తడియందును మురికియందును ఉండును.

మొదట రంగు స్వరూపమును తెలిసికొనవలెను. రేకు మీద ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికి పైన గాజువలె స్వచ్ఛమైన పూత యొకటి యుండును. ఇవి యన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానుల మందము. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఇంచుమించు రెండు తలవెండ్రుకల మందము గల పొరయే రేకును కాపాడుచున్నదన్నమాట. సీలెంటు కృత్రిమముగా తయారు చేయబడిన పాలిమరు ద్రవము. అది ఆ పై పొరను అంటి పట్టుకొనవలెను. నడుమ నూనె గాని, దుమ్ము గాని, తడి గాని యున్నచో పట్టు దొరకదు. సున్నము వేయుటకు ముందు పాత గోడను గీకనిచో సున్నము పెచ్చులై రాలుట మన మెరిగినదే గదా.

చలికాలపు చిక్కు రెండు విధములు. రాత్రివేళ రేకు తన వేడిని ఆకాశమునకు విడిచి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. గాలియందలి ఆవిరి దానిపై మంచుబిందువులై నిలుచును. తెల్లవారిన పిదప గుడ్డతో తుడిచినను, రేకు చల్లగా నున్నంత వరకు మరల మరల చెమర్చుచునే యుండును. ఇక రెండవది, చలిలో సీలెంటునందలి ద్రావకము త్వరగా ఆవిరి కాదు. పూత ఆరక జిడ్డుగా నిలిచి, తుడుచునపుడు చారలు పడును. రేకు 10 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా నుండవలెనని పెక్కు సీలెంట్ల డబ్బాలపై వ్రాసియుండును. లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతములలో డిసెంబరు, జనవరి మాసముల ఉదయములందు అంతటి వెచ్చదనము దొరకుట అరుదు. ఆదిలాబాదు వైపునను పెక్కు దినము లట్లే యుండును. గోదావరి, కృష్ణా డెల్టాలలో చలి అంత లేకున్నను మంచు విస్తారము. కాని మన ప్రాంతములలో ఎక్కడనైనను మధ్యాహ్నమునకు వెచ్చదనము వచ్చును. కనుక తొమ్మిది గంటలకు కడుగ నారంభించి, పండ్రెండు మొదలు రెండు గంటల లోపల పూత వేయుట తగిన పద్ధతి.

నీటి విషయమున మనకొక సౌకర్యము కలదు. రాత్రియంతయు మిద్దెపైని ట్యాంకులో నిలిచిన నీరు మిక్కిలి చల్లబడును. బోరునుండి అప్పుడే తోడిన నీరు గోరువెచ్చగా తోచును. భూగర్భమందలి వేడి ఋతువును బట్టి అంతగా మారకుండుటయే ఇందుకు కారణము. మురికియు జిడ్డును వదలుటకు ఆ వెచ్చదనమే చాలును. కాని బోరునీటియందు సున్నపు లవణము లుండుట తరచు. అది రేకుపై ఆరినచో తెల్లని మచ్చలు మిగులును. కావున ఒక్కొక్క భాగమును కడిగి, నీరు ఆరక మునుపే తుడువవలెను. పడిన మచ్చలు నీరు కలిపిన వెనిగరుతో పోవును. వెంటనే మంచినీటితో కడుగవలెను. చలి వేళ అద్దము మీద మరిగిన నీరు మాత్రము పోయరాదు. పగులును.

కొందరు ఎద్దును కడిగినట్లే వరిగడ్డి చుట్టతో కారును రుద్దుదురు. ఎద్దునకు అది హాయిగా నుండవచ్చును. కారు రంగునకు మాత్రము చేటు. వరిగడ్డియందు సిలికా అనెడు పదార్థము అధికముగా కలదు. ఇసుకయందున్నదియు అదియే. ఎండలో నిలిపి చూచినచో రంగుపై కనబడు సాలెగూడు వంటి గీతలు ఇట్టి రుద్దుడు వలననే పుట్టును. భోగిమంటల బూడిద పడిన కారును పొడిగుడ్డతో తుడుచుటయు నట్టి పనియే. మొదట ధారగా నీరు పోసి దుమ్మును జార్చి, పిమ్మట రెండు బక్కెట్లు పెట్టుకొనవలెను. ఒకదానియందు కారు షాంపూ నీరు, రెండవదానియందు ఉత్తనీరు. మెత్తని గుడ్డను ప్రతిసారియు ఉత్తనీటిలో జాడించి, తరువాతనే షాంపూలో ముంచవలెను. పైకప్పు నుండి క్రిందికి రావలెను. చక్రములకు వేరు గుడ్డ యుండవలెను. మెరుపు కొరకు మైనము కలిపిన షాంపూ ఈ సమయమున పనికిరాదు, అది తానే యొక పొరగా నిలిచి సీలెంటును అడ్డగించును.

ఎరువుల బస్తాలు కారులో వేసికొని వచ్చువారు డిక్కీ అంచులను, తలుపుల క్రింది గట్లను ప్రత్యేకముగా కడుగవలెను. మనము పొటాష్ అని వాడుచున్న ఎరువు పొటాషియం క్లోరైడు. రాలిన పొడి రాత్రి మంచును పీల్చి ఉప్పునీరై రేకును తినును. తుప్పు కనబడిన చోట దానిని గీకి, ప్రైమరు వేసి, రంగు పూయించిన తరువాతనే సీలెంటు మాట. తుప్పు మీద సీలెంటు వేసిన వానికి అద్దము వంటి తుప్పు మిగులును.

కడిగిన పిదప చేతికి పలుచని ప్లాస్టికు సంచి తొడిగి రేకుపై నిమిరినచో, వట్టి చేతికి తెలియని గరుకు తెలియును. అది రంగులో నాటుకొన్న ఇనుప రజను, చెట్ల జిగురు, తారు మొదలగునవి. తారును కొంచెము కిరోసిను తడిపిన గుడ్డతో తీసి, ఆ జిడ్డు పోవునట్లు మరల షాంపూతో కడుగవలెను. దగ్గర నిప్పు, చుట్ట, బీడీ ఉండరాదు. తక్కినవానికి క్లే బార్ అని యమ్మెడు మెత్తని బంకముద్ద కలదు. చలికి అది గట్టిపడును గనుక గోరువెచ్చని నీటిలో నుంచి పిసికి, షాంపూ నీటితో తడిపిన రేకుపై తేలికగా జరపవలెను. నేల మీద పడిన ముద్దను ఎంత ఖరీదైనదైనను పారవేయుడు.

పిమ్మట ఆరబెట్టుట. నా అభిప్రాయమున ఈ పనిలో సగము ఇదియే, జనులు త్వరపడునదియు ఇచ్చటనే. తుడిచినంత మాత్రమున కారు ఆరదు. తలుపుల సందులలో, అద్దముల మూలలలో, నెంబరు పలక వెనుక దాగిన నీరు పూత వేయుచుండగా మెల్లగా కారివచ్చును. తలుపులు, బానెటు, డిక్కీ తెరచి ఒక గంటసేపు గాలికి వదలవలెను. తూర్పార పట్టు ఫ్యానును తెచ్చి పెట్టువారున్నారు; దానినుండి ఊక వచ్చి తడి రేకుకు అంటుకొనును. ఆరిన పిదప ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాలునకు మూడు పాళ్లు బ్యాటరీలో పోయు నీరు కలిపి, గుడ్డపై చల్లుకొని తుడిచినచో మిగిలిన నూనె పోవును. ఆల్కహాలు ఆవిరియగునపుడు రేకు మరికొంత చల్లబడును. కావున కొంత తడవు ఆగి, పొడిగుడ్డతో ఒకచోట తుడిచి చూడుడు. అచ్చట మరల చెమర్చినచో ఇంకను వేళ కాలేదు.

పూతను నీడలోనే వేయవలెను, ఎంత పలుచగా నున్న అంత మేలు. ఒక్కొక్క భాగమునకు వేసి, వ్రేలితో తాకి, మరక లేక వచ్చినపుడు తుడువవలెను. వేసవిలో ఐదు నిమిషములు చాలునది ఇప్పుడు అంతకు రెండు మూడింతలు పట్టవచ్చును. ఆ రాత్రి కారును ఆరుబయట నిలుపరాదు. గట్టిపడక మునుపే మంచు పడినచో పగలంతయు చేసిన పని వృథా యగును. ధాన్యము ఇంటికి చేరి పశువుల కొట్టమున చోటున్నను అచ్చట పెట్టకుడు. కొట్టములో తేమయు అమ్మోనియా వాసనయు హెచ్చు. వరండా మేలు.

ఒక సీసా సీలెంటు పలుచగా వాడినచో పెక్కు కార్లకు వచ్చును గనుక, నలుగురు సభ్యులు కలిసి కొనుట చౌక. మిగిలినదానిని ఇంటిలోపల నుంచుడు. చలికి చిక్కబడినచో సీసాను మూత బిగించి గోరువెచ్చని నీటిలో కొంతసేపు నిలిపి, బాగుగా కుదిపి వాడుకొనవచ్చును.