గాలికి ఎదురొడ్డే తలుపు

గోడౌను కట్టేవారు గోడలను గురించి, పైకప్పును గురించి ఆలోచించినంతగా షట్టరును గురించి ఆలోచించరు. తుఫాను గాలి మాత్రం ముందుగా పరీక్షించేది దానినే.

తీరప్రాంతంలోని ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. కాంక్రీటు స్తంభాలు, ఇటుక గోడలు, ఉక్కు దూలాలు, వాటిపై రేకుల కప్పు. ముందుభాగాన లారీ నిరాటంకంగా లోపలికి పోగలిగినంత ద్వారం. దానికి పైకి చుట్టుకొనే ఇనుప షట్టరు. పునాది వేసేటప్పుడు ఇంజనీరు వస్తాడు. దూలాలు ఎత్తేటప్పుడు మళ్లీ వస్తాడు. షట్టరు బిగించే నాటికి ఆయన పని సాధారణంగా ముగిసిపోయి ఉంటుంది. యజమాని ధర విచారించి, రేకు మందం చూసి, రంగు ఎంచుకొని తానే దానిని కొంటాడు. రాత్రివేళ దొంగలు రాకుండా ఉంటే చాలునని అతని ఉద్దేశం.

అయితే పెనుగాలి వీచే సమయంలో ఆ షట్టరు ఒక గోడ చేయవలసిన పని చేయవలసి ఉన్నది. ముందు గోడలో మూడవ వంతును, ఒక్కొక్కప్పుడు సగాన్ని అదే ఆక్రమించి ఉంటుంది. అంతటి విశాలమైన గోడ పలుచని ఇనుప పట్టీల కూర్పు మాత్రమే. రెండు అంచులలో తప్ప నడుమ ఎక్కడా దానికి ఆధారం లేదు. భవనంలో ఇంతకంటె బలహీనమైన చోటు మరొకటి ఉండదు. అది ఒరిగిపోతే నష్టం దానితో ఆగదు.

కప్పు ఎందుకు ఎగిరిపోతుంది?

గాలి వేగం రెండింతలైతే అది కలిగించే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఒక చదరపు మీటరు గోడపై సుమారు 38 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. అదే గాలి 180 కిలోమీటర్ల వేగం అందుకొన్నప్పుడు ఆ ఒత్తిడి 153 కిలోలు. నాలుగు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు ఉన్న షట్టరుపై మొత్తం భారం ఇంచుమించు రెండున్నర టన్నులకు చేరుతుంది. రెండు చిన్నకార్లను దానిమీద అడ్డంగా మోపినట్లే.

ఆ భారానికి షట్టరు మొదట తెరచాపవలె లోపలికి ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ దాని రెండు అంచులు నడుమకు లాగబడతాయి. పక్క గైడులలో పట్టీలకు ఉన్న పట్టు సాధారణంగా స్వల్పమే కనుక, అవి ఒక్కొక్కటిగా జారి వెలుపలికి వస్తాయి. ఒక మూల ఊడిన తరువాత తక్కిన భాగం నిలిచే అవకాశం దాదాపు లేదు.

అటుపిమ్మట జరిగేది మరింత ప్రమాదకరమైనది. వాలు తక్కువగా ఉన్న కప్పుమీదుగా పోయే గాలి రేకులను పైకి లాగుతూ ఉంటుంది. తలుపులన్నీ మూసి ఉన్నంతవరకు కప్పు భరించవలసింది ముఖ్యంగా ఆ లాగుడునే. గాలికి ఎదురుగా ఉన్న షట్టరు ఊడిపోగానే గాలి లోపలికి చొరబడి, బయటకు పోయే దారి లేక, అన్ని గోడలను, కప్పును లోపలి నుండి నెడుతుంది. అంటే పైనుండి లాగుడు, కిందినుండి తోపు ఒక్కసారిగా కలుస్తాయి. భారతీయ ప్రమాణాలలో ఈ లోపలి ఒత్తిడికి వాడే గుణకం, గాలి చొరబడే సందులు తక్కువగా ఉన్న భవనానికి 0.2, పెద్ద రంధ్రాలున్న భవనానికి 0.7. పైన చెప్పిన 180 కిలోమీటర్ల గాలిలో ఈ రెండింటి నడుమ భేదం చదరపు మీటరుకు సుమారు 76 కిలోలు. ఇనుప రేకు బరువు చూడబోతే చదరపు మీటరుకు ఐదు కిలోల ప్రాంతం. ఇక కప్పును పట్టి ఉంచేవి మరలు, కొక్కెపు బోల్టులు మాత్రమే.

తుఫాను వచ్చినప్పుడు తలుపులు తెరిచిపెడితే గాలి ఇటు వచ్చి అటు పోతుందని, కప్పు దక్కుతుందని ఒక పాత నమ్మకం ఉన్నది. అది సరికాదని పై లెక్క చెబుతున్నది. పెద్ద ద్వారాలు మూసి ఉండడమే కప్పుకు రక్ష.

మూడు తుఫానులు నేర్పిన పాఠం

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ప్రయోగశాలలో కంటె శిథిలాల నడుమనే ఎక్కువగా బోధపడింది. 1974 క్రిస్మస్ నాటి తెల్లవారుజామున ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ పట్టణాన్ని ట్రేసీ తుఫాను నేలమట్టం చేసింది. 66 మంది మరణించారు. పట్టణంలోని ఇళ్లలో సగానికి పైగా నివాసయోగ్యం కాకుండా పోయాయి. శిథిలాలను పరిశీలించిన ఇంజనీర్లు రెండు ముఖ్య కారణాలను గుర్తించారు. గాలి ఉధృతి మాటిమాటికి మారడంవల్ల రేకులను పట్టిన బిగింపులు అలసి తెగిపోవడం ఒకటి. ఎగిరివచ్చిన చెక్కలు, రేకులు కిటికీలను, తలుపులను పగులగొట్టగా లోపలి ఒత్తిడి పెరగడం మరొకటి. తుఫాను ప్రాంతాలలోని భవనాలను, వాటి తలుపులు పగిలిపోవచ్చునని ముందుగానే ఊహించి రూపొందించాలన్న నియమం ఈ అనుభవం నుండి పుట్టింది. 1977లో టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తుఫాను పరీక్షా కేంద్రం నెలకొన్నది.

1992 ఆగస్టు 24న అమెరికాలోని ఫ్లారిడా దక్షిణ భాగాన్ని ఆండ్రూ తుఫాను తాకింది. అక్కడి ఇళ్లలో రెండు కార్లు పట్టే గ్యారేజీలకు వెడల్పాటి తలుపులు ఉండడం పరిపాటి. ఆ తలుపులు లోపలికి కుంగిపోయిన చోట్ల కప్పులు ఎగిరిపోవడాన్ని పరిశోధక బృందాలు గమనించాయి. మయామి ప్రాంతపు నిర్మాణ నిబంధనలు ఆ తరువాత కఠినతరమయ్యాయి. అక్కడ తుఫాను తలుపుకు యోగ్యతా పత్రం కావాలంటే, సుమారు నాలుగు కిలోల చెక్క దూలాన్ని సెకనుకు 15 మీటర్ల వేగంతో దానిపైకి విసురుతారు. అనంతరం తలుపును మాటిమాటికి లోపలికి నెట్టి, వెలుపలికి లాగి చూస్తారు. రెండింటికీ తట్టుకొని గైడులలో నిలిచినదే ఉత్తీర్ణమైనట్లు.

2011 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ను యాసి తుఫాను తాకినప్పుడు మరొక విశేషం బయటపడింది. కొత్త నిబంధనల ప్రకారం కట్టిన భవనాలు మొత్తంమీద బాగానే నిలిచినా, వాటి రోలర్ తలుపులు పలుచోట్ల ఓడిపోయాయి. తలుపు కూడా భవనంలో భాగమేనని, దానికీ అంతే కఠినమైన ప్రమాణం ఉండాలని మరోసారి రుజువైంది.

తూర్పు తీరం కథ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి నగరం రూపురేఖలు మారిపోయాయి. విమానాశ్రయపు కట్టడమే తీవ్రంగా దెబ్బతిన్నది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన ప్రధానంగా నీటి విలయం కాగా, హుద్‌హుద్ ఒక మహానగరానికి గాలి బలాన్ని చవిచూపింది.

తుఫాను కన్ను ఒక ఊరి మీదుగా పోయినప్పుడు గాలి కొంతసేపు నిలిచిపోయి, తరువాత ఎదురు దిశనుండి అంతే బలంతో వీస్తుంది. మొదట వెనుకవైపున నిశ్చింతగా ఉన్న తలుపు రెండవసారి ముందు వరుసలోకి వస్తుంది. మొదటి విడతలో దానిని గాలి వెలుపలికి లాగి ఉంటుంది. రెండవ విడతలో లోపలికి నెడుతుంది. అందుచేత తలుపు రెండు దిక్కులా బలానికి ఆగాలి.

భారతదేశంలో ఇందుకు ప్రమాణాలు లేకపోలేదు. గాలి భారాలను నిర్ణయించే ఐ.ఎస్. 875 మూడవ భాగం దేశాన్ని గాలి వేగాన్నిబట్టి మండలాలుగా విభజించింది. హైదరాబాదు సెకనుకు 44 మీటర్ల మండలంలో ఉండగా విశాఖపట్నం, చెన్నై, భువనేశ్వర్, కోల్‌కతా 50 మీటర్ల మండలంలో ఉన్నవి. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో సవరించిన ప్రతి మరొక మెట్టు ముందుకు పోయింది. తూర్పు తీరంలోను, గుజరాత్ తీరంలోను సముద్రానికి 60 కిలోమీటర్ల లోపల కట్టే పారిశ్రామిక భవనాలకు గాలి వేగాన్ని 1.15 రెట్లుగాను, ఆసుపత్రులు, తుఫాను ఆశ్రయాలవంటి అత్యవసర భవనాలకు 1.30 రెట్లుగాను తీసుకొమ్మని చెబుతున్నది. ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, మొదటి దానికి భారం మూడవ వంతు మేరకు, రెండవ దానికి దాదాపు 70 శాతం పెరుగుతుంది. దూలాలకు, కప్పుకు ఈ లెక్క వేసే చేయి షట్టరు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోవడమే చిక్కు.

కొనేవారు అడగవలసినవి

రేకు మందాన్ని బట్టి షట్టరు బలాన్ని అంచనా వేయడం పొరపాటు. మొదట అడగవలసింది, అది చదరపు మీటరుకు ఎంత ఒత్తిడికి ఆగుతుందన్న సంఖ్య. ఆ సంఖ్య లోపలికి నెట్టే బలానికి ఒకటి, వెలుపలికి లాగే బలానికి ఒకటి ఉండాలి. భవనపు ఇంజనీరు ఆ స్థలానికి, ఆ ఎత్తుకు లెక్కించిన భారం దానికంటె మించకూడదు. గోడ మూలలకు దగ్గరగా ఉన్న ద్వారాలపై లాగుడు ఎక్కువ. వాటికి ప్రత్యేకంగా లెక్క చూడాలి.

రెండవది, పరీక్ష ఏ వెడల్పు తలుపుపై జరిగినదో తెలుసుకోవాలి. వెడల్పు రెండింతలైతే పట్టీని వంచే బలం నాలుగింతలవుతుంది. మూడు మీటర్ల షట్టరుకు లభించిన యోగ్యతా పత్రం ఆరు మీటర్ల షట్టరుకు పనికిరాదు. ఈ కారణంచేతనే ఒకే విశాల ద్వారానికి బదులు, నడుమ గట్టి స్తంభంతో రెండు ఇరుకు ద్వారాలు పెట్టడం తరచుగా మేలు, చౌక కూడా.

మూడవది అంచుల పట్టు. తుఫాను షట్టర్లలో పట్టీల చివర గట్టి కొక్కేలు ఉంటాయి. అవి లోతైన గైడులోని అంచును పట్టుకొని, షట్టరు ఎంత ఉబ్బినా జారిపోనివ్వవు. పలకలుగా మడిచి పైకి జరిపే తలుపులకైతే అడ్డంగా బలపుకమ్మీలు, బలమైన చక్రాలు, దళసరి పట్టాలు అవసరం.

నాలుగవది గోడ. జారిపోని షట్టరు తనపై పడిన భారమంతటినీ గైడుల ద్వారా గోడలోకి పంపుతుంది. రెండు గైడులను ఒకదానివైపు ఒకటి బలంగా లాగుతుంది. ఇటుక గోడలో దిగవేసిన బోల్టులు ఆ లాగుడుకు ఊడివస్తాయి. ద్వారానికి ఇరువైపుల కాంక్రీటు స్తంభాలుగాని, ఉక్కు స్తంభాలుగాని ఉండి, గైడులు వాటికే బిగించబడాలి. ఖరీదైన షట్టరును బలహీనమైన గోడకు తగిలించడం వృథా వ్యయమే.

చివరిది దినచర్యకు సంబంధించినది. తుఫానుకు ముందే కరెంటు పోవడం సాధారణం. మోటారుతో నడిచే తలుపుకు చేతితో లాగే గొలుసు తప్పనిసరి. ఉప్పుగాలికి గైడుల అడుగుభాగం, బోల్టుల తలలు ముందుగా తుప్పు పడతాయి. కనుక జస్తాపు పూత, ఏటా వర్షాకాలం ముగిసేలోగా ఒక తనిఖీ అవసరం. లారీ గుద్దుకొని వంగిన గైడును అలాగే వదిలివేస్తే, పరీక్షా పత్రంలోని సంఖ్య దానికి ఇక వర్తించదు.

ఉన్న తలుపుతోనే

కొత్త షట్టరు కొనే స్తోమత అందరికీ ఉండదు. అట్టివారికి మార్గం లేకపోలేదు. ద్వారం వెనుక నేలలోను, పై దూలంలోను ముందుగా గుంటలు ఏర్పరచి, తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడు వాటిలో నిలువు ఉక్కు కమ్మీలు నిలబెట్టి బిగించవచ్చును. ఆరు మీటర్ల వెడల్పును ఒక కమ్మీ మూడేసి మీటర్లుగా విడదీస్తుంది. అయితే కమ్మీ పరిమాణాన్ని, దాని బిగింపులను ఇంజనీరే నిర్ణయించాలి. వెనుక నిలిపిన కమ్మీ లోపలి తోపుకే ఆగుతుంది. వెలుపలి లాగుడుకు షట్టరును దానికి కట్టివేసే ఏర్పాటు ఉండాలి. ఎవరు, ఏ హెచ్చరిక తరువాత ఆ పని చేయాలో ముందే నిర్ణయమై ఉండడం అంతకంటె ముఖ్యం. గోదాములో ఎక్కడో మూలపడి ఉన్న కమ్మీ గాలిని ఆపదు.

ఈ ఏర్పాట్లకయ్యే ఖర్చు భవనపు మొత్తం వ్యయంలో చిన్న భాగమే. ఫలితం మాత్రం చాలామందికి చెందుతుంది. కప్పు నిలిచిన గోడౌనులో బియ్యం, మందులు, ఎరువులు తడవవు. వాన వెలిసిన మరునాడే షట్టరు పైకి లేస్తుంది, లారీలు కదులుతాయి. కప్పు పోయిన చోట యజమానికి బీమా సొమ్ము ఏనాటికైనా అందవచ్చును. బస్తాలు మోసి ఆనాటి కూలితో ఇల్లు గడుపుకొనే హమాలీకి మాత్రం ఆ నెలలలో దొరకని పనికి పరిహారం ఇచ్చేవారు ఉండరు. షట్టరు ధర బేరమాడేటప్పుడు యజమాని అతనిని కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.