అడ్డపొగ పోయింది, గుట్కా వచ్చింది

శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్టను తిరగేసి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. చూసేవాళ్లకు వింత, వాళ్లకు అమ్మ దగ్గర నేర్చుకున్న అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చుట్ట చాలాసేపు వస్తుంది, రెండు చేతులా పని చేసుకోవచ్చు. పంటి పోటుకు మందనే నమ్మకం కూడా ఉంది.

ఆ సెగంతా తగిలేది అంగిలికి. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవారి అంగిట్లో తెల్లగా మందమెక్కిన పొర, ఎర్రటి మచ్చలు, పుండ్లు కనిపించాయి. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ డాక్టర్లకు పాత పరిచయమే.

మనవల తరం చుట్ట ముట్టదు. హమ్మయ్య అనుకునేలోపే చొక్కా జేబులో ఖైనీయో గుట్కా పొట్లమో కనిపిస్తుంది. అడిగితే, "ఇందులో పొగ లేదు కదండీ" అంటారు. ఆ ధీమా ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పొగ పక్కవాణ్ని ఇబ్బంది పెడుతుంది, అందుకే 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో దాన్ని గట్టిగా నిషేధించారు. నమిలేవాడితో ఎవరికీ పేచీ లేదు, ఆఫీసు మెట్ల మూలల్లో గోడలకు తప్ప.

వాళ్ల మాటలో సగం నిజముంది. ఊపిరితిత్తులకు ముప్పు పొగతోనే ఎక్కువ. స్వీడన్‌లో వాడే స్నస్ అనే పొగాకు సిగరెట్ కన్నా చాలా తక్కువ హాని చేస్తుందన్నదీ నిజమే. కానీ దాన్ని విషపదార్థాలు తగ్గేలా ప్రత్యేకంగా తయారుచేస్తారు. మన బడ్డీ కొట్టు సరుకు వేరు. ఖైనీలో పొగాకుకు సున్నం తోడు. గుట్కాలో వక్క కూడా కలుస్తుంది, పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తేగలదు. ఏళ్ల తరబడి నమిలితే బుగ్గలు లోపల బిగుసుకుపోయి, అన్నం ముద్ద పెట్టుకోవడానికి కూడా నోరు తెరుచుకోదు. పొగ లేని పొగాకు వల్ల నోటికే కాదు, అన్నవాహికకు, క్లోమానికి కూడా క్యాన్సర్ వస్తుందని తేలింది.

2016–17 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దల్లో 10.7 శాతం పొగ తాగుతున్నారని, 21.4 శాతం పొగ లేని పొగాకు వాడుతున్నారని తేలింది. గుట్కాపై నిషేధాలు వచ్చాయి. అయితేనేం, పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్ముతారు, కలుపుకునే పని కొనేవాడిది. చుట్టకూ పొట్లానికీ మధ్య ఏది నయమని తూకం వేయడం మన ఊళ్లలో దండగ పని.

నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపించినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. అలవాటు మానాలనుకుంటే 1800 11 2356కి ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు.