అప్పడాల పనిలో ధర్మం

1959లో బొంబాయిలోని గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో అప్పడాల తయారీకి పూనుకున్నారు. అదే నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ. విరాళాలు స్వీకరించరాదని వారు తొలినాళ్లలోనే నిశ్చయించుకున్నారు. మొదట చవక ధరకు నాసిరకం అప్పడాలు కూడా చేసేవారు. శ్రేయోభిలాషి ఛగన్‌లాల్ పారేఖ్ హితవు విని ఆ రకాన్ని మానివేశారు. ఇందులో యజమాని, కూలి అనే భేదం లేదు. సభ్యురాళ్లందరూ సహయజమానులే, లాభనష్టాలు అందరివీ. సేవ పేరు చెప్పి, స్వల్ప వేతనమిచ్చి, అంకితభావాన్ని మాత్రం నిండుగా ఆశించే సంస్థలకు ఈ పద్ధతి మింగుడుపడదు. ఉదయం శాఖలో పిండిముద్దను తూచి ఇస్తారు. సభ్యురాలు దానిని ఇంటికి తీసుకుపోయి, అప్పడాలు ఒత్తి, ఆరబెట్టి, మరునాడు అప్పగిస్తుంది. ఒత్తేటప్పుడు పక్కన పర్యవేక్షకుడు నిలబడడు. అయినా తూకం, నాణ్యత సరిచూసిన పిదపనే ఆమెకు కూలి ముట్టుతుంది.