మర్రిగూడ బడి పంతులు: కష్టమెంత, ఫలమెంత



చదువు కోసం మనం ఇచ్చే విరాళం అనగానే ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు గుర్తుకొస్తాయి. ఆ పుస్తకం విప్పి పిల్లవాడికి అక్షరం చూపించే మనిషి గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. కానీ పల్లెలో బడి నిలబడినా, మూతపడినా ఆ మనిషి వల్లే. అందుకే ఈ సంచికలో నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలాన్ని ఉదాహరణగా తీసుకుని, పల్లెబడిలో పాఠం చెప్పడమంటే ఏమిటో, మన పైసా అక్కడ ఏ పనికొస్తుందో వివరిస్తున్నాం.

నీళ్ల నుంచే మొదలు

మర్రిగూడ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించారు. నిజాం కాలంలో, 1945లో, అది ఈ మండలంలోని బట్లపల్లిలో బయటపడింది. ఇక్కడ భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. వానలు తక్కువ కాబట్టి బోర్లు లోతుకు పోయాయి, బోర్లతో పాటు ఫ్లోరైడూ పైకొచ్చింది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పండ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, కాళ్లు వంకర పోతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ కుళాయి వచ్చింది.

పాఠానికి దీనితో ఏం సంబంధమని మీరు అడగవచ్చు. పంటి మీద పైపొర తయారయ్యేది చిన్న వయసులో. అప్పుడు పడిన మచ్చ జీవితాంతం పోదు. అటువంటి పిల్లలు మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పాఠం చదవమంటే లేచి నిలబడతారు కానీ నోరు విప్పరు. కొత్తగా వచ్చిన టీచరు దాన్ని మొద్దుతనం అనుకుంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. అది సిగ్గు అని గ్రహించిన టీచరు ముందు అందరితో కలిపి చదివిస్తారు, తర్వాత ఇద్దరిద్దరితో, ఆ తర్వాతే ఒక్కరితో. ఇప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నవాళ్లు కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టినవాళ్లు, అల్‌హమ్దులిల్లాహ్. అయినా లేవలేని నానమ్మకో తాతకో తోడుగా బడి మానేసే పిల్లలు ఇంకా ఉన్నారు. కుళాయి బంద్ అయిన రోజు బోరు నీళ్లు తాగకుండా చూడటమూ ఇక్కడి సారు పనే.

అయిదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు

పట్నంలో తరగతికో గది, సబ్జెక్టుకో టీచరు. చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల లెక్క వేరు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు. మూడు నుంచి అయిదు వరకు నాలుగేసి. మొత్తం పద్దెనిమిది. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరే టీచర్లు. ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకు పోయినా పద్దెనిమిదీ ఒక్కరి మీదే పడతాయి. ఒక వరుసకు లెక్కలిచ్చి, ఇంకో వరుసకు కాపీ రాయించి, మూడో వరుసకు పాఠం చెప్పాలి. ఈలోపు మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, ఆన్‌లైన్ హాజరు, రిజిస్టర్లు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు టీచర్లను పంపినప్పుడు రాష్ట్రంలో ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి.

ఈ లోటును పూడ్చడానికి ఒకప్పుడు విద్యావాలంటీర్లు ఉండేవారు. నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం మీద ఊరి చదువుకున్న యువతీయువకులు పనిచేసేవారు. కరోనా తర్వాత వారిని కొనసాగించలేదు. ఫలితం ఊళ్లలో కనిపిస్తుంది. టీచరు చాలడం లేదని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తారు. పిల్లలు తగ్గారని ఉన్న టీచరును ఇంకో బడికి సర్దుబాటు చేస్తారు. టీచరు పోయాడని మిగిలిన పిల్లలూ పోతారు. చివరకు ఊళ్లో ఉండేది ఫీజు కట్టలేనివారి పిల్లలే. బడి మూతపడితే ముందు చదువు ఆగేది వాళ్లకే, వాళ్లలోనూ ఆడపిల్లలకే.

ఇంటి మాట, బడి మాట

పల్లెల్లో మన ఇళ్లు చాలాచోట్ల పది, పదిహేనుకు మించవు. అంతమందికి ఉర్దూ మీడియం బడి రాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాకిట్లో తెలుగు, 2022-23 నుంచి బడిలో ఇంగ్లీషు మీడియం. ఒకటో తరగతి పిల్లవాడి మీద మూడు భాషలు ఒకేసారి పడుతున్నాయి. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండటం కొంత మేలు. కానీ ఇంట్లో ‘పానీ’ అనే పిల్లవాడికి ‘నీళ్లు’, ‘వాటర్’ రెండూ కొత్తవే. నిజాం రాజ్యంలో తెలుగు ఇంటి పిల్లలు ఉర్దూ చదువుతో పడిన ఇబ్బంది ఇవాళ ఉర్దూ ఇంటి పిల్లలు వేరే రూపంలో పడుతున్నారు. ఆ ఇబ్బంది తెలిసిన టీచరు పిల్లవాడి మాటను తప్పు అనరు. ముందు ‘పానీ’ అననిస్తారు, తర్వాత దాని పక్కన ‘నీళ్లు’ చేరుస్తారు. ఆరు నెలల్లో ఆ పిల్లవాడు రెండు భాషల్లోనూ ధైర్యంగా మాట్లాడతాడు.

పత్తి ఏరే కాలం

జూన్‌లో నిండుగా ఉన్న తరగతి దసరా సెలవుల తర్వాత సగమవుతుంది. అది పత్తి ఏరే కాలం. పెద్దవాళ్లతో పాటు పదేళ్ల పిల్లలూ చేనుకు పోతారు. కొందరు తల్లిదండ్రులు పనికోసం హైదరాబాదు పోతూ పిల్లల్ని వెంట తీసుకుపోతారు. హాజరు వేయడంతో సరిపెట్టుకోని టీచరు సాయంత్రం ఇల్లిల్లూ తిరుగుతారు, చేను గట్టుకు కూడా పోతారు. తల్లి మాటలోనూ న్యాయం ఉంటుంది: కూలి పోతే ఇల్లెట్లా గడుస్తది సారూ అంటుంది. ఆమెను కోప్పడితే పిల్ల బడికి రాదు. వారంలో కొన్ని రోజులైనా పంపమని ఒప్పించి, పోయిన పాఠం మళ్లీ చెప్పాలి.

మరి ఫలమేమిటి?

ఇది జీతంతో కొలిచేది కాదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల ఒకరోజు బస్సు బోర్డు గడగడా చదివేస్తుంది. బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వేసే తండ్రి, ముందు కూతురి చేత చదివించుకుంటాడు. ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గిన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ నాలుగేళ్లు పెళ్లి మాట వెనక్కి పోతుంది. దీని వెనుక బడి అయ్యాక ఒక గంట కూర్చోబెట్టి లెక్కలు చేయించిన టీచరు ఉంటారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఊరివాళ్లు “మా సారు” అని పెళ్లికి పిలిచి ముందు వరుసలో కూర్చోబెడతారు. ఆ గౌరవం పల్లెబడి టీచరుకే దక్కుతుంది.

దాతలు చేయగలిగింది

కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను నిలిపివేసింది. పేద ఇంట్లో నోటు పుస్తకాలకు, చెప్పులకు ఆసరాగా ఉన్న మొత్తం అది. ఆ ఖాళీని మనం కొంతైనా నింపవచ్చు. దానితో పాటు మా మనవి మూడు పనుల మీద. ఒకటి, ఊళ్లోనే డిగ్రీ చదివిన ఆడపిల్లకు గౌరవ వేతనమిచ్చి, బడి పెద్దల అనుమతితో టీచరుకు తోడుగా నిలపడం. రెండు, పత్తి కాలంలో సాయంత్రం పూట పాఠం, గుప్పెడు పల్లీలు, బెల్లం. మూడు, హైస్కూలుకు పక్క ఊరికి పోయే ఆడపిల్లలకు ఆటో కిరాయి.

జకాత్ అర్హులైన పేద కుటుంబాలకే చేరాలని మన ఆలిములు చెబుతారు కాబట్టి దాని లెక్క విడిగా ఉండాలి. గౌరవ వేతనం, బడి సామాను వంటివి సదఖా, లిల్లాహ్ నుంచి. ఆ బడిలో మన పిల్లల పక్కన కూర్చునేది గొల్ల, మాదిగ, లంబాడా పిల్లలు. టీచరు అందరికీ ఒకే పాఠం చెబుతారు. మన సాయమూ అందరికీ అందాలి.

బావి తవ్వించడం సదఖా జారియా అని మనకు తెలుసు. నీళ్ల కోసం ఇంత బాధపడిన మర్రిగూడకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. ఒక పిల్లకు చదవడం వస్తే ఆమె తన పిల్లలకు నేర్పుతుంది, ఆ పుణ్యమూ ఆగకుండా పారుతుంది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, ఆ బడులను నిలబెడుతున్న టీచర్లకు శక్తినిచ్చుగాక. ఆమీన్.