కప్పల గోత్రనిర్ణయము

తొలకరి జల్లు పడిన రాత్రి వీధిదీపము క్రింద చేరి, రాలిపడు ఉసిళ్లను ఒక్కొక్కటిగా నాలుకతో అందుకొను గోదురుకప్పను చూడని తెలుగువాడు అరుదు. దాని ఒడలంతయు పులిపిరులు. వాని కొనలును, తలమీది గట్లును కాటుక దిద్దినట్లు నల్లగా నుండును. కన్నుల వెనుక ఉబ్బియున్న రెండు గ్రంథులను నొక్కినచో పాలవంటి విషము స్రవించును. నోట దంతమొక్కటియు లేదు. చెరువుగట్టునుండి ఒక్క దూకున నీట మునుగు నున్నని కప్పను దీని ప్రక్క నిలిపి, ఇది వేరు, అది వేరు అని లోకము తేల్చివేసినది. శాస్త్రము ఆ తీర్పును సగమే అంగీకరించును.

స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1758లో వెలువడిన తన గ్రంథము పదవ ముద్రణమునందు జంతువులకు రెండు పదముల నామమును స్థిరపరచి, కప్పలను గోదురుకప్పలను ‘రానా’ అను ఒక్క ప్రజాతియందే చేర్చెను. అంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ మహానుభావునకు ఈ జీవులయెడ ఏవగింపు మెండు. పాములను, బల్లులను, తాబేళ్లను, తుదకు సొరచేపలను సైతము వీనితో ఒకే గాట కట్టి ఉభయచరములనెను! పొలుసుల చర్మముగల పామెక్కడ, నీట తోకకప్పగా పుట్టి, పిమ్మట రూపము మార్చుకొని, తడిచర్మముతో గూడ శ్వాసించు కప్పయెక్కడ? ఫ్రెంచి పండితులు ఈ చిక్కు విప్పి రెంటిని వేరు విభాగములు చేయుటకు పందొమ్మిదవ శతాబ్దము రావలసివచ్చెను.

నేటి లెక్కలో ఉభయచర విభాగమున మూడు క్రమములు గలవు: తోకగల సాలమాండర్లు, కాళ్లులేక వానపాములను భ్రమింపజేయు సిసీలియనులు, తోకలేని కప్పలు. ఈ మూడవదాని పేరు అన్యూరా. ఏడువేలకు పైబడిన జాతులిందున్నవి. గోదురుకప్పలు కప్పలకు ఎదురునిలిచిన వేరొక తెగ కాక, ఈ క్రమములోని బుఫోనిడే అను ఒక కుటుంబము మాత్రమే. పులిపిరులు చూచి గోత్రము చెప్పబూనుట సాహసము. దక్షిణ అమెరికా యడవులలో నున్నని చర్మముతో, మెరయు రంగులతో నుండు అటెలోపసు జీవులును ఈ కుటుంబమువే. అందుచేతనే అమెరికా పండితుడు కోపు చర్మమును విడిచి ఱొమ్ముటెముకను పరీక్షించెను: రానా కప్పలలో ఇరుప్రక్కల మృదులాస్థులు నడుమ అతుకుకొనియుండగా, గోదురుకప్పలలో అవి ఒకదానిపై నొకటి జారుచుండును. కొంతకాలము ఇదియే ప్రమాణమై, పిదప ఇదియు చాలకపోయెను.

ఇప్పుడు సాక్ష్యము డీఎన్‌ఏది. 2003లో పశ్చిమ కనుమలనుండి ప్రకటింపబడిన, ఏడాదిలో అధికభాగము భూగర్భముననే గడపు నాసికాబట్రాకసు కప్పకు దగ్గరి జ్ఞాతులు మన దేశమున గాక, హిందూమహాసముద్రమున కావలనున్న సీషెల్సు దీవులలో దొరకినవి. ఒకనాడు ఆ దీవులును మన భూభాగమును కలిసియుండినవి గదా!

మన వీధిదీపము క్రింది జీవికి 1799లో పేరు పెట్టినవాడు జర్మను పండితుడు ష్నైడరు. ఈయన గ్రీకు నిఘంటుకర్త గూడ. బుఫో మెలనోస్టిక్టసు అని రెండు శతాబ్దములు చెలామణియైన ఆ జీవిని 2006లో వంశపరిశోధకులు, భారతీయ శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థము కల్పించిన డత్తాఫ్రైనసు అను క్రొత్త ప్రజాతికి మార్చిరి. ప్రజాతి మారినను మెలనోస్టిక్టసు అను రెండవ పదము పోదు; అది నియమము. విద్యార్థులు విసుగుకొనుట సహజమే. వారి పక్షమున నాకును కొంత సానుభూతి గలదు. పాత గ్రంథము తెరచినవారు బుఫో క్రిందనే దానిని వెదకికొనవలయును.