కణితి తొలగినా... కొవ్వు కరగడానికి ఏళ్లు
పిట్యూటరీ చికిత్స పొందిన మహిళల్లో వింత మార్పులు

శస్త్రచికిత్స సఫలమైంది. హార్మోను అదుపులోకి వచ్చిందని వైద్యులు చెప్పారు. అయినా ఏడాది తిరిగేసరికి పొట్ట తగ్గదు. మెట్లెక్కితే తొడల్లో సత్తువ ఉండదు. పిట్యూటరీ గ్రంథి కణితికి చికిత్స పొందిన మహిళలు పలువురికి ఎదురయ్యే స్థితి ఇది. నోరు కట్టుకోలేదంటూ ఇంట్లోవారు నిందించడమూ కద్దు. తప్పు తిండిది మాత్రమే కాదు.

ముక్కు మూలానికి వెనుక, మెదడు అడుగున శనగగింజంత ఉండే గ్రంథి పిట్యూటరీ. బరువు సుమారు అర గ్రాము. ఇందులో ఏర్పడే కణితుల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. అయితే కొన్ని హార్మోన్లను అతిగా స్రవిస్తాయి. ఏ హార్మోను పెరిగిందన్న దానిని బట్టి ఒంట్లో కొవ్వు, కండ, ఎముకల పాళ్లు తారుమారవుతాయి.

వీటిలో కుషింగ్ వ్యాధి పురుషుల కన్నా మహిళల్లో చాలా ఎక్కువ. అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ 1912లో 23 ఏళ్ల యువతిలో ఈ లక్షణాలను వర్ణించారు. 1932లో దీనిని పిట్యూటరీ కణితితో ముడిపెట్టారు. కణితి నుంచి వెలువడే ఏసీటీహెచ్ హార్మోను మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తుంది. కార్టిసాల్ పెరిగిపోతుంది. ముఖం గుండ్రమవుతుంది. పొట్టలో, మెడ వెనుక కొవ్వు పేరుకుంటుంది. కాళ్లూచేతులు మాత్రం సన్నగిల్లుతాయి. కండ కరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒకచోట పెరిగి మరోచోట తరిగే ఈ మార్పును తూకం యంత్రం పట్టలేదు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌తో కొవ్వు, కండల పాళ్లు విడివిడిగా తెలుస్తాయి.

ముక్కు ద్వారా కణితిని తొలగించాక ముఖం కొన్ని నెలల్లో తేరుకుంటుంది. పొట్ట లోపలి కొవ్వు అంత సులువుగా లొంగదు. కొందరిలో వ్యాధి నయమైన ఏళ్ల తర్వాతా అధికంగానే ఉంటుంది. కండబలం, ఎముక దృఢత్వం మెల్లగా పుంజుకుంటాయి. పూర్తిగా పూర్వస్థితికి రాకపోవచ్చు.

మాత్రలు మానితే ముప్పు

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. శస్త్రచికిత్స తర్వాత అడ్రినల్ గ్రంథులు చాలాకాలం మందగించి ఉంటాయి. అందుకే హైడ్రోకార్టిసోన్ వంటి మాత్రలు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా వాడాల్సి వస్తుంది. లావు తగ్గకపోవడానికి ఇవే కారణమనుకుని సొంతంగా ఆపేస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. జ్వరం వస్తే వైద్యుల సూచన మేరకు మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకుంటే ఇంజెక్షన్ కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎదుగుదల హార్మోను పెరిగే అక్రోమెగలీలో కథ తలకిందులు. వ్యాధి ఉన్నప్పుడు కొవ్వు తక్కువగా, కండ, నీరు ఎక్కువగా ఉంటాయి. చికిత్స ఫలించాక కొవ్వు పెరుగుతుంది. రోగికి ఇది కీడుగా తోచినా మధుమేహం మాత్రం సాధారణంగా అదుపులోకి వస్తుంది. ప్రోలాక్టిన్ కణితులు చాలావరకు క్యాబర్గోలిన్ మాత్రలకే తగ్గుతాయి. నెలసరి తిరిగి మొదలైతే ఎముకలకూ మేలు.

గ్రామాల్లో కీళ్లనొప్పులకు, ఆయాసానికి అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ మాత్రలను దీర్ఘకాలం మింగినా అచ్చం కుషింగ్ రూపమే వస్తుంది. అక్కడ కణితి ఉండదు. అయినా వాటినీ ఒక్కసారిగా ఆపరాదు, క్రమంగా తగ్గించాల్సిందే. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ కేజీహెచ్‌లలో హార్మోన్ల వ్యాధులకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నింటి చీటీలూ వెంట తీసుకెళ్లాలి.